టామీ జాన్: ఆపరేషన్‌కు పేరిచ్చిన ఎడమచెయ్యి

టామీ జాన్ సర్జరీ అనే మాట వినగానే, టామీ జాన్ ఎవరో పేరున్న ఎముకల డాక్టర్ అయ్యుంటాడనుకుంటారు చాలామంది. ఆపరేషన్‌కు మామూలుగా చేసినవాడి పేరే పెడతారు కాబట్టి అలా అనుకోవడంలో తప్పులేదు. ఇక్కడ మాత్రం వ్యవహారం తిరగబడింది. కత్తి పట్టిన డాక్టర్ పేరు ఫ్రాంక్ జోబ్. టామీ జాన్ ఆ రోజు బల్ల మీద పడుకున్న పేషెంటు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 26 సీజన్లు ఆడి, 288 విజయాలు తన ఖాతాలో వేసుకున్న ఎడమచేతి పిచ్చర్. పిచ్చరంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు, టీమ్ గెలుపోటములు అతని ఖాతాలోనే రాస్తారు.

అంత ఆడినవాడిని ఆటకే గుర్తుపెట్టుకోవాలి కదా. కానీ ఇవాళ ఆ పేరు చెబితే అమెరికాలో కూడా కుర్రాళ్లకు గుర్తొచ్చేది మోచేతి మీద గాటే. మనిషి పేరు కాస్తా ఆపరేషన్ పేరైపోయాక, ఆయన కథలో సగమే జనం నోళ్లలో మిగిలింది: చెయ్యి తెగింది, డాక్టర్ అతికాడు, మళ్లీ ఆడాడు. అతికిన చెయ్యి తర్వాత పదమూడేళ్లకు పైగా ఎందుకు నిలబడిందన్నది రెండో సగం. నా గోలంతా ఆ రెండో సగం గురించే. అయితే మొదటిది తెలియకుండా అది అర్థం కాదు.

అసలు తెగేదేమిటి

క్రికెట్ చూసి పెరిగిన కళ్లతో బేస్‌బాల్ చూస్తే ముందు ఒక సంగతి అలవాటు చేసుకోవాలి. మన దగ్గర బౌలర్ మోచెయ్యి 15 డిగ్రీల కంటే ఎక్కువ సాగితే చకింగ్ అంటారు, అంపైర్ ఊరుకోడు. అక్కడ పిచ్చర్ పనే అది. మోచెయ్యి వంచి, ముంజేతిని భుజం వెనక్కి ఎంత పడితే అంత పడనిచ్చి, ఒక్కసారిగా కొరడా ఝళిపించినట్టు ముందుకు లాగుతాడు. ఆ లాగే క్షణంలో భుజం సెకనుకు సుమారు 7,000 డిగ్రీల వేగంతో తిరుగుతుంది. ఆ వేగమే నిండు సెకను పాటు కొనసాగితే చెయ్యి దాదాపు ఇరవై చుట్లు తిరగాలి.

వెనక్కి వెళ్తున్న ముంజెయ్యి ముందుకు మళ్లే ఆ రెప్పపాటులో మోచేతి లోపలి వైపు విప్పుకుపోవాలని చూస్తుంది, తలుపును బందుల వైపు నుంచి పీకినట్టు. దాన్ని పట్టి ఉంచేది దండ ఎముకనూ ముంజేతి ఎముకనూ కలిపే చిన్న లిగమెంట్. అల్నార్ కొలాటరల్ లిగమెంట్ అంటారు. పొడవు నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. ల్యాబుల్లో శవాల మోచేతుల మీద కొలిచి చూస్తే, గట్టిగా విసిరిన ఒక్క బంతి పెట్టే బలం ఆ లిగమెంట్ ఒంటరిగా మోయగలిగిన దానికంటే ఎక్కువని తేలింది. మరి ప్రతి బంతికీ ఎందుకు తెగదు? చుట్టూ ఉన్న ముంజేతి కండరాలు బరువు పంచుకుంటాయి కాబట్టి. కండరాలు అలిసిపోయాయా, భారమంతా దాని మీద పడుతుంది.

బావి దగ్గర చేదతాడును చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తాడు ఒక్కరోజులో తెగదు. గిలక మీద రాపిడికి ఒక్కో పోగూ పోతుంటుంది, పైకి బాగానే కనిపిస్తుంటుంది. ఓ రోజు, రోజూ తోడే చేదే తోడుతుంటే, పుటుక్కుమంటుంది.

టామీ జాన్‌కు ఆ రోజు 1974 జూలై 17. లాస్ ఏంజెలెస్‌లో, సొంత మైదానంలో, డాడ్జర్స్ తరఫున మాంట్రియల్ ఎక్స్‌పోస్ మీద ఆడుతున్నాడు. వయసు 31. ఆ ఏడాది అప్పటికి 13 గెలిచి మూడే ఓడాడు, జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదనే చెప్పాలి. మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి. మూడోదాంట్లో ఒక బంతి వేశాడు, చెయ్యి తనది కానట్టు అనిపించింది. ఇంకోటి వేశాడు. అదీ అంతే. ఇక ఎవరూ పిలవకముందే తనే మౌండ్, అంటే పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ, దిగి నడుచుకుంటూ వచ్చేశాడు.

అప్పటిదాకా ఇలాంటివాళ్లను ‘డెడ్ ఆర్మ్’ అనేవారు. అంటే చెయ్యి చచ్చిపోయిందని. రోగనిర్ధారణ అంతవరకే. అదే డాడ్జర్స్‌లో అంతకు ఎనిమిదేళ్ల ముందు ఇంకో ఎడమచేతి పిచ్చర్, శాండీ కోఫాక్స్, ఒకే సీజన్‌లో 27 గెలిచి, ఆ చలికాలమే 30 ఏళ్ల వయసులో ఆట మానేశాడు. ఆయనది వేరే జబ్బు, మోచేతిలో ఆర్థరైటిస్. కానీ నీతి ఒక్కటే: మోచెయ్యి పోతే పిచ్చర్ ఇంటికి పోవడమే.

మణికట్టు నుంచి మోచేతికి

ఇక్కడ ఒక్క నిమిషం చదవడం ఆపి మీ చెయ్యి చూసుకోండి. అరచెయ్యి పైకి పెట్టి, బొటనవేలినీ చిటికెనవేలినీ ఆనించి, మణికట్టును కాస్త లోపలికి వంచండి. మణికట్టు మధ్యలో సన్నటి తాడులా ఒకటి చర్మం కింద పైకి తేలిందా? అది పాల్మారిస్ లాంగస్ అనే కండరం తాలూకు టెండన్. తేలకపోతే కంగారు పడక్కర్లేదు. పుట్టుకతోనే అది లేనివాళ్లు చాలామందే ఉన్నారు, లేదన్న సంగతి వాళ్లకే తెలియదు. ఉన్నా లేకపోయినా చేతి పట్టులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అంటే శరీరం మనకు ఇచ్చిన స్టెప్నీ అన్నమాట.

జోబ్ ఆ స్టెప్నీనే వాడాడు. 1974 సెప్టెంబర్ 25న టామీ జాన్ కుడిచేతి నుంచి ఆ టెండన్ తీసి, ఎడమ మోచేతిలో రెండు ఎముకలకూ బెజ్జాలు వేసి, ఎనిమిది అంకె ఆకారంలో వాటిలోంచి దూర్చి బిగించాడు. టెండన్‌ను ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట వాడటం వైద్యానికి కొత్త కాదు, చేతివేళ్ల ఆపరేషన్లలో ఉన్నదే. దాన్ని పిచ్చర్ మోచేతిలో లిగమెంట్‌గా నిలబెట్టవచ్చన్న ఆలోచనే కొత్త. మళ్లీ మేజర్ లీగ్‌లో ఆడే అవకాశం నూటికి ఒకటని జోబ్ ముందే చెప్పాడు. చేయించుకోకపోతే ఆ ఒకటి కూడా లేదు.

లిగమెంట్ ఎముకకూ ఎముకకూ ముడి, టెండన్ కండరానికీ ఎముకకూ ముడి. ఒకదాని బదులు ఇంకోటి పెట్టగానే పనిచేసెయ్యదు. మామిడికి అంటు కట్టినట్టే ఇది. కట్టిన రోజున అది పరాయి కొమ్మే. మెల్లగా లోపల రక్తనాళాలు పుట్టాలి, కణాలు చేరాలి, టెండన్ తీరు మారి లిగమెంట్ తీరుకు రావాలి. దానికి ఏడాది పైన పడుతుంది. ఇప్పటికీ ఈ ఆపరేషన్ చేయించుకున్న పిచ్చర్ ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా కనిపించకపోవడానికి కారణం ఇదే. డబ్బులెన్ని పోసినా ఆ టైమ్ తగ్గడం లేదు.

టామీ జాన్‌కు ఇంకో చిక్కు వచ్చింది. మోచెయ్యి గోడ అంచుకు తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమంటుంది చూడండి, ఆ నరం దెబ్బతింది. వేళ్లు గద్దగోళ్లలా ముడుచుకుపోయాయి. ఆ డిసెంబర్‌లో నరాన్ని పక్కకు జరపడానికి రెండో ఆపరేషన్ చేశారు. 1975 సీజన్ మొత్తం పోయింది. ఎలా కోలుకోవాలో చెప్పే పుస్తకం లేదు, ముందు చేయించుకున్నవాడు లేడు. శరీర కదలికల శాస్త్రం చదువుతున్న తోటి పిచ్చర్ మైక్ మార్షల్ సాయం పట్టాడు. మిగతాదంతా విసిరి చూసుకోవడమే.

1976 ఏప్రిల్ 16న అట్లాంటాలో మళ్లీ మౌండ్ ఎక్కాడు. ఆ మ్యాచ్ ఓడిపోయాడు. అయినా ఆ ఏడాది 207 ఇన్నింగ్స్ వేసి, 10 గెలిచి 10 ఓడాడు. నన్నడిగితే ఆయన రికార్డు మొత్తంలో అతిగొప్ప అంకె ఆ 207. తర్వాత 1977లో 20 విజయాలు. న్యూయార్క్ యాంకీస్‌కు మారాక 1979లో 21, 1980లో 22. ఆపరేషన్‌కు ముందు గెలిచినవి 124, తర్వాత గెలిచినవి 164. కొత్త చెయ్యే పాతదాని కంటే ఎక్కువ గెలిచింది.

మరిచిపోయిన సగం

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. 124, 164 పక్కపక్కన పెట్టి చూస్తే, ఆపరేషన్ ఆయన్ని ఇంకా మంచి పిచ్చర్‌గా చేసిందనిపిస్తుంది. కానీ ఆయన ఏ రకం బంతి వేసేవాడో చూస్తే లెక్క మారుతుంది.

టామీ జాన్ ఫాస్ట్ కాదు. ఎప్పుడూ కాదు. ఆయన బతికింది సింకర్ అనే బంతి మీద, దానికి తోడు వంపు తిరిగే కర్వ్ ఒకటి. సింకర్ బ్యాటర్ దగ్గరికొచ్చేసరికి కిందికి కుంగుతుంది. బ్యాట్ దాని నెత్తిమీద తగులుతుంది, బంతి నేల మీద దొర్లుతూ ఫీల్డర్ చేతిలోకి పోతుంది. పిచ్చర్ ఎడమచేతివాడైతే అది కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా జారుతూ కుంగుతుంది, అందుకోబోయి ఇంకా దొరికిపోతాడు. పైగా మన ఊళ్లలో పుర్రచెయ్యి అని వెక్కిరించే ఆ వాటానికి బేస్‌బాల్‌లో గిరాకీ ఎక్కువ. మౌండ్ మీద నిలబడ్డప్పుడు ముఖం ఫస్ట్ బేస్ వైపే ఉంటుంది, అంటే బ్యాటర్ కొట్టాక పరుగెత్తి చేరే మొదటి మజిలీ వైపు. అక్కడికి చేరినవాడు తర్వాతి బేస్‌కు దొంగచాటుగా ఉరకబోతే కళ్లెదుటే కనిపిస్తాడు.

ఆయన మొత్తం 4,710 ఇన్నింగ్స్ వేశాడు, స్ట్రైకవుట్లు, అంటే బ్యాటర్ బంతిని కొట్టలేక అవుటైనవి, 2,245. తొమ్మిది ఇన్నింగ్స్‌కు నాలుగు చిల్లర. ఇవాళ్టి సగటు పిచ్చర్ దానికి దాదాపు రెట్టింపు తీస్తాడు. అంటే టామీ జాన్ బ్యాటర్‌ను కొట్టనిచ్చేవాడు, నేల మీదికి కొట్టనిచ్చేవాడు. వెనక డాడ్జర్స్ ఇన్‌ఫీల్డ్‌లో స్టీవ్ గార్వీ, డేవీ లోప్స్, బిల్ రస్సెల్, రాన్ సే ఏళ్ల తరబడి విడిపోకుండా కాసుకుని ఉండేవారు. ప్రతి బంతికీ ఒంట్లో ఉన్న బలమంతా గుమ్మరించాల్సిన అవసరం ఆయనకు లేదు. వంద రూపాయలున్నవాడు డెబ్బై ఖర్చుపెట్టుకుని బతికినట్టు బతికింది ఆ మోచెయ్యి.

అలాగని ఆయన దేవుడేం కాదు. 1988లో ఒక మ్యాచ్‌లో, ఒకే ఒక్క ప్లేలో మూడు తప్పులు చేశాడు. దొర్లుకుంటూ వచ్చిన బంతిని జారవిడిచాడు, కంగారులో ఫస్ట్ బేస్ దాటించి విసిరాడు, తిరిగొచ్చిన బంతిని మధ్యలో అందుకుని క్యాచర్‌కు అందకుండా ఇంకోసారి విసిరాడు. అప్పటికి 45 ఏళ్లు. మరుసటి ఏడాది దాకా ఆడాడు. తన పళ్ల డాక్టర్ కొడుకు మార్క్ మెగ్‌వైర్ ఎదురుగా నిలబడి తన బంతుల్ని కొడుతుంటే ఇక మానేయాల్సిన టైమొచ్చిందని ఆయనే జోక్ వేసుకున్నాడు.

ఆపరేషన్ మాత్రమే అద్భుతమైతే రెండో పేషెంటుకూ అదే జరగాలి. 1978లో జోబ్ ఇదే ఆపరేషన్ బ్రెంట్ స్ట్రామ్ అనే ఇంకో ఎడమచేతి పిచ్చర్‌కు చేశాడు. ఆయన మళ్లీ మేజర్ లీగ్ మౌండ్ ఎక్కలేదు. చాలా ఏళ్ల తర్వాత పిచింగ్ కోచ్‌గా పేరు తెచ్చుకున్నాడు, అది వేరే కథ.

పేరు పాకింది, పద్ధతి పాకలేదు

ఇవాళ మేజర్ లీగ్ పిచ్చర్లలో మూడింట ఒకవంతు మంది దాకా ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. 2024 చివర్లో మేజర్ లీగే విడుదల చేసిన నివేదిక ప్రకారం, మేజర్ లీగ్, దాని కింది మెట్టు మైనర్ లీగ్‌లు కలిపి 2010లో 104 జరిగితే 2024లో 281 జరిగాయి. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు 147 కిలోమీటర్లు, 2024కి దాదాపు 152. ఈ ఐదు కిలోమీటర్లే కొంప ముంచాయి. రాడార్ గన్ మీద కనిపించే అంకెను బట్టి కుర్రాడికి కాంట్రాక్టు వస్తుంది. కండరాలను బరువులెత్తి పెంచుకోవచ్చు, లిగమెంట్‌ను పెంచుకోలేం. ఇంజిన్ మార్చారు, చాసిస్ పాతదే.

దీనికి తోడు ఒక పిచ్చి నమ్మకం పాకింది. ఆపరేషన్ చేయించుకుంటే బంతి వేగం పెరుగుతుందని. దెబ్బ తగలని మోచేతికి ముందే చేసిపెట్టమని అడిగే తల్లిదండ్రులు కూడా వస్తుంటారని అక్కడి సర్జన్లే చెబుతుంటారు. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఆపరేషన్ ముందు రెండు మూడేళ్లు ఆ చెయ్యి పోగులు తెగుతూ నొప్పితోనే విసురుతుంటుంది, వేగం తగ్గి ఉంటుంది. తర్వాత ఏడాది పాటు భుజం, నడుము, కాళ్లు దగ్గరుండి బలపరుస్తారు. కుర్రాడైతే ఈలోగా వయసుతో పాటు ఒళ్లు కూడా వస్తుంది. పెరిగిన వేగం వీటిది, పేరేమో ఆపరేషన్‌కు. ఆడే స్థాయికి మళ్లీ చేరేవాళ్లు నూటికి ఎనభై మందికి అటూఇటూ ఉంటారు. మిగిలినవాళ్ల సంగతి ఎవరూ పోస్టర్ వేయరు. చేరినవాళ్లలోనూ కొందరికి రెండోసారి తెగుతుంది. జపాన్ నుంచి వచ్చిన స్టార్ షోహెయ్ ఒహ్‌తానీ 2018లో ఒకసారి, 2023లో ఇంకోసారి మోచెయ్యి కోయించుకున్నాడు.

అన్నిటికంటే బాధ కలిగించేది పిల్లల సంగతి. అమెరికా ఇన్సూరెన్స్ రికార్డుల్లో 2007 నుంచి 2011 వరకు చూస్తే, ఈ ఆపరేషన్లలో సగానికి పైగా 15 నుంచి 19 ఏళ్ల వాళ్లకే జరిగాయి. ఏడాది పొడవునా ఒకటే ఆట, శని ఆదివారాలు టోర్నమెంట్లు, ఒకే రోజు రెండు టీమ్‌లకు పిచింగ్. 2014లో మేజర్ లీగ్ పెట్టిన ‘పిచ్ స్మార్ట్’ నియమాల ప్రకారం తొమ్మిది, పదేళ్ల పిల్లవాడు రోజుకు 75 బంతులు మించి వేయకూడదు, ఆ తర్వాత ఇన్ని రోజులు విశ్రాంతి అని లెక్క ఉంటుంది. రెండు వేర్వేరు లీగ్‌ల్లో ఆడే పిల్లవాడి బంతులు కలిపి లెక్కపెట్టేదెవరు? అమ్మానాన్నలే పెట్టుకోవాలి. పిల్లల్ని లిటిల్ లీగ్‌కు, అంటే పిల్లల బేస్‌బాల్‌కు, దింపి వచ్చే మన తెలుగువాళ్లు అక్కడ తక్కువేం లేరు, వాళ్లకూ ఈ లెక్క అవసరమే. పసివాళ్ల మీద జరిగే ఆపరేషన్‌కు తన పేరు ఉండటం తనకు నచ్చడం లేదని టామీ జాన్ స్వయంగా బహిరంగంగా చెప్పాడు.

మన దేశానికి ఈ ఆపరేషన్‌తో ఉన్న బంధుత్వం చిన్నదే. క్రికెట్ బౌలర్ చెయ్యి దాదాపు నిటారుగా ఉంటుంది కాబట్టి ఆ భారం నడుముకు పోతుంది. బుమ్రా ఆపరేషన్ వీపుకు జరగడం అందుకే. నీరజ్ చోప్రాకు 2019లో మోచేతికే జరిగింది కానీ అది లిగమెంట్ మార్పిడి కాదు, విరిగిన ఎముక ముక్కలు తీసిన ఆపరేషన్. అసలైన టామీ జాన్ సర్జరీ చేయించుకున్న భారతీయుడు రింకూ సింగ్. కోల్‌కతా టీమ్‌కు సిక్సర్లు కొట్టే రింకూ కాదు, అదే ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఇంకో రింకూ. ఈటె విసిరేవాడు, 2008లో ఒక టీవీ పోటీలో గెలిచి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఆయనా ఎడమచేతి పిచ్చరే. 2013లో మోచెయ్యి పోయింది, మేజర్ లీగ్ చేరకుండానే కుస్తీ వైపు మళ్లాడు.

తలుపు బయట

మేటి బేస్‌బాల్ ఆటగాళ్లకు శాశ్వత గౌరవమిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో టామీ జాన్ లేడు. విలేకరుల ఓటింగ్‌లో 15 సార్లు పేరు వచ్చింది. 75 శాతం కావాలి, చివరి ఏడాది 2009లో వచ్చిన 31.7 శాతమే అత్యధికం. కాదనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. ఏటా మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఒక్కసారీ రాలేదు, రెండుసార్లు రెండో స్థానమే. ఏటా మేటివాళ్లు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ఎంపికైంది నాలుగుసార్లే. 26 ఏళ్లు ఆడితే ఎవరికైనా 288 పోగుపడతాయంటారు. మూడుసార్లు సీజన్ ఫైనల్ పోరు వరల్డ్ సిరీస్‌కు వెళ్లి మూడుసార్లూ ఓడాడు. 1981లో మరీ అన్యాయం. ఆరో మ్యాచ్‌లో స్కోరు 1-1 ఉండగా నాలుగో ఇన్నింగ్స్‌లోనే ఆయన బదులు వేరేవాడిని బ్యాటింగ్‌కు పంపి దించేశారు, యాంకీస్ 9-2తో చిత్తయింది. గెలిచింది ఆయన పాత టీమ్ డాడ్జర్సే.

అవుననేవాళ్ల మాట కూడా వినాలి. 288, అంతకుమించి గెలిచి బయట ఉన్నవాళ్లు మొత్తం చరిత్రలో ముగ్గురే. ఒకడు డోపింగ్ ఆరోపణల్లో చిక్కుకున్న రోజర్ క్లెమెన్స్, ఇంకొకడు 19వ శతాబ్దపు బాబీ మాథ్యూస్, మూడోవాడు ఈయన. దాదాపు ఇదే అచ్చులో పోసిన ఎడమచేతి పిచ్చర్ జిమ్ కాట్, 283 విజయాలతో 2022లో లోపలికి వెళ్లాడు. పోయిన ఆ ఏడాదిన్నర చేతిలో ఉంటే టామీ జాన్ 300 దాటేవాడు, అప్పుడు ఈ చర్చే ఉండేది కాదు. 26 ఏళ్లు ఆడితే ఎవరికైనా వస్తాయి అంటారు సరే, 26 ఏళ్లు ఎవరు ఆడారో చెప్పమనండి. ఆయన ఆపరేషన్‌కు ఒక్క మార్కు కూడా వేయకుండానే నేనైతే లోపలికి పంపిస్తాను.

2013లో కూపర్స్‌టౌన్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు డాక్టర్ జోబ్‌ను సన్మానిస్తే టామీ జాన్ వెళ్లి చప్పట్లు కొట్టాడు. 2015లో, ఆ ఆపరేషన్ చేయించుకున్న పిచ్చర్లలో మొదటివాడుగా జాన్ స్మోల్ట్జ్ లోపలికి వెళ్లాడు. 2024 డిసెంబర్‌లో 16 మంది పెద్దల కమిటీ ముందుకు టామీ జాన్ పేరు మరోసారి వచ్చింది. 12 ఓట్లు కావాలి. అదే జాబితాలో ఆయన దొర్లించిన బంతుల్ని ఫస్ట్ బేస్‌లో ఏళ్ల తరబడి అందుకున్న స్టీవ్ గార్వీ ఉన్నాడు. డిక్ ఆలెన్ కూడా ఉన్నాడు. 1971 డిసెంబర్‌లో డాడ్జర్స్ టామీ జాన్‌ను తెచ్చుకోవడానికి షికాగో టీమ్‌కు ఇచ్చింది ఆ ఆలెన్‌నే. ఆలెన్ పోయి అప్పటికి నాలుగేళ్లయింది, ఆయనకు 13 ఓట్లొచ్చాయి. 81 ఏళ్ల టామీ జాన్‌కు ఏడు.